బడి మానేసిన మెకానిక్, యుద్ధకాలపు విమానాలు

విజయవాడ రోడ్డు వెంట ఉన్న షెడ్లలో, చప్పుడు విని ఇంజను జబ్బేమిటో చెప్పే మెకానిక్‌లను చూస్తూ పెరిగినవాళ్లం మనం. వాళ్లలో చాలామంది బడి మధ్యలో మానేసినవాళ్లే. మన బడి స్వర్ణోత్సవ వేళ అలాంటి ఒకరిని తలచుకోవాలనిపించింది.

జి.డి. నాయుడు 1893లో కోయంబత్తూరు దగ్గర కలంగల్‌లో, తెలుగు మాట్లాడే కుటుంబంలో పుట్టారు. చదువు అబ్బలేదు. ఒక ఇంగ్లీషు దొర నడిపే రడ్జ్ మోటారుసైకిల్ చూసి మనసు పారేసుకున్నారు. హోటల్లో పనిచేసి, కూడబెట్టిన డబ్బుతో దాన్నే కొని, ముక్కముక్కా విప్పి మళ్లీ బిగించారు. ఆయన పాఠ్యపుస్తకం అదే. 1920లో ఒక్క బస్సుతో మొదలుపెట్టి పెద్ద రవాణా సంస్థను నిలబెట్టారు.

ఆ తర్వాత రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. 1940 డిసెంబరులో వాల్‌చంద్ హీరాచంద్, మైసూరు సంస్థానం తోడ్పాటుతో బెంగళూరులో హిందూస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీని స్థాపించారు. అప్పటికి మన దేశంలో విమానాల పరిశ్రమే లేదు. విలియం పాలీ అమెరికా నుంచి నిపుణులను, యంత్రాలను రప్పించారు. 1941 ఆగస్టులో హార్లో శిక్షణ విమానం, 1942 జులైలో కర్టిస్ హాక్ యుద్ధవిమానం అక్కడి నుంచి ఎగిరాయి. 1943లో ఫ్యాక్టరీ అమెరికా సైన్యం చేతికి వెళ్లి, విమానాల మరమ్మతు కేంద్రమైంది.

ఇంత వేగంగా పని నేర్వవచ్చని యుద్ధం చూపించింది. ఇంకో సంగతి కూడా చూపించింది. దారిలో బస్సు ఆగితే పక్కకు తీసి చూసుకోవచ్చు. ఆకాశంలో రోడ్డు పక్క అంటూ ఉండదు. అల్యూమినియం రేకులో ఒక్క రివెట్ రంధ్రం వంకరపోయినా, అక్కడే పగులు పుట్టవచ్చు. అందుకే విమానం పనిలో చేతివాటం ఒక్కటే చాలదు. డ్రాయింగు చదవాలి, మైక్రోమీటరుతో కొలవాలి, చేసిన పనిని మరొకరు తనిఖీ చేయాలి.

1945లో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పాలిటెక్నిక్ వెలిసినప్పుడు దాని తొలి ప్రిన్సిపాల్ నాయుడుగారే. ఏళ్లకు ఏళ్లు సాగే కోర్సు కాలయాపన అనీ, పనిచేయిస్తూ నేర్పితే రెండేళ్లు చాలనీ ఆయన వాదించారు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన పదవి వదులుకున్నారు.

ఇన్నేళ్ల ఇంజనీరు ఉద్యోగం తర్వాత నాకు అనిపించేది ఇదే: చదువు ఎన్నేళ్లన్న విషయంలో నాయుడుగారి మాటే సబబు. ఎందుకు కొలవాలో, కొలతకు ఎందుకు కట్టుబడాలో చెప్పగలిగేది మాత్రం బడే. నాకు ఆ అలవాటు చేసింది మన లెక్కల మాస్టార్లు. చేతులు మురికి చేసుకోవడం మాత్రం ఉద్యోగంలో చేరాకే, ఆలస్యంగా నేర్చుకున్నాను.

మన సంఘానికి ఒక్క మనవి. నెలకొక శనివారం మన ఊరి మెకానిక్ ఒకరిని తొమ్మిదో తరగతికి పిలుద్దాం. పాత ఇంజనొకటి పిల్లల ముందు విప్పించి, బిగించమందాం. ఆ రోజుకు ఆయనే మాస్టారు.