బీమా పందెంగా మారిన వైనం

2008 సెప్టెంబరు 16వ తేదీన అమెరికా కేంద్ర బ్యాంకు ఒక బీమా కంపెనీకి 8,500 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసి, అందుకు బదులుగా కంపెనీలో 79.9 శాతం వాటా పుచ్చుకున్నది. ముందురోజే లేమన్ బ్రదర్స్ బ్యాంకు దివాలా తీస్తూంటే చేతులు కట్టుకుని చూసిన ప్రభుత్వం అది. సర్కారు వ్యాపారం జోలికి పోరాదని లోకమంతటికీ పాఠాలు చెప్పిన దేశం అది. ఆ కంపెనీ పేరు అమెరికన్ ఇంటర్నేషనల్ గ్రూపు, వాడుకలో ఏఐజీ.

ఈ పతనాన్ని గురించి రెండు కథలు ప్రచారంలో ఉన్నాయి. లండనులో ఒక చిన్న శాఖ ఉండేది, దాన్ని నడిపిన వాడు దురాశాపరుడు, వాడివల్ల బంగారంలాంటి కంపెనీ మునిగిందన్నది ఒక కథ. అది నూరేళ్ళకొకసారి వచ్చే ఉప్పెన, ఎవరు మాత్రం ఏం చేస్తారన్నది రెండో కథ. మొదటి కథ నేరాన్ని ఒక మనిషి నెత్తిన రుద్ది వ్యవస్థను తప్పిస్తుంది. రెండోది నేరమే లేదంటుంది. నాకీ రెండూ రుచించవు. బీమా అనే మాటకున్న అర్థాన్ని ఎవరు, ఎప్పుడు, ఎవరి లాభం కోసం మార్చారని అడిగితే తప్ప ఈ చరిత్ర బోధపడదు.

కంపెనీ పుట్టింది అమెరికాలో కాదు, షాంఘైలో. కార్నేలియస్ వాండర్ స్టార్ అనే 27 ఏళ్ళ కాలిఫోర్నియా యువకుడు 1919లో అక్కడ అమెరికన్ ఏషియాటిక్ అండర్‌రైటర్స్ అనే సంస్థ తెరిచాడు. మొదట్లో చేసింది అమెరికన్ కంపెనీల తరఫున అగ్నిప్రమాద బీమా, ఓడసరుకు బీమా అమ్మి కమీషను తీసుకోవడం. 1921లో ఏషియా లైఫ్ పెట్టి చైనీయులకు జీవిత బీమా అమ్మడం మొదలుపెట్టాడు. చైనీయులనే ఏజెంట్లుగా, మేనేజర్లుగా పెట్టుకున్నాడు. తోటి తెల్లదొరలు చేయని పని అది. ఒక ఇంగ్లీషు దినపత్రిక కూడా నడిపాడు. సమర్థుడనడంలో సందేహం లేదు.

కాని ఆనాటి షాంఘై ఎటువంటిది? నల్లమందు యుద్ధాల తర్వాత చైనా మెడమీద కత్తి పెట్టి రాయించుకున్న ఒడంబడికల ఫలం అది. అక్కడి విదేశీ పేటలో అమెరికన్ పౌరుడికి చైనా చట్టం వర్తించదు. అతని వ్యాజ్యాలు విచారించడానికి 1906 నుంచి 1943 దాకా అక్కడ ఏకంగా అమెరికా వారి కోర్టే ఉండేది. వ్యాపారం చైనాలో, చట్టం వేరొక చోట. స్టార్ తర్వాత తన సంస్థల్లో కొన్నిటిని బెర్మూడాలోనూ, పనామాలోనూ రిజిస్టరు చేయించాడంటే ఆశ్చర్యం లేదు. ఏ ప్రభుత్వమూ పూర్తిగా చూడలేని చోట కొట్టు పెట్టుకోవడమనే విద్య ఈ కంపెనీకి ఉగ్గుపాలతో అబ్బింది. నేను షాంఘైని తడవడం ఇందుకే.

యుద్ధ మేఘాలు కమ్ముతూంటే 1939లో ప్రధాన కార్యాలయం న్యూయార్కు చేరింది. 1949లో ఎర్రసేన రాకతో షాంఘై దుకాణం కట్టేశారు. 1967లో శాఖలన్నిటినీ ఒక గొడుగు కిందికి తెచ్చి ఏఐజీ అని పేరు పెట్టారు. మరుసటి ఏడు స్టార్ చనిపోయాడు. మారిస్ గ్రీన్‌బర్గ్ గద్దెనెక్కి 2005 దాకా దిగలేదు. ఆయన కాలంలో కంపెనీ 130 దేశాలకు పాకింది. 1992లో చైనా ప్రభుత్వం మళ్ళీ విదేశీ బీమాకు లైసెన్సు ఇవ్వదలిస్తే మొట్టమొదట దక్కింది ఏఐజీకే, అదీ షాంఘైలోనే. 2007 నాటికి ఆస్తులు లక్ష కోట్ల డాలర్లు దాటాయి. పరపతిని తూచే సంస్థలు దానికి చాలాకాలం ‘ట్రిపుల్ ఏ’ మార్కు వేశాయి. అంతకు మించిన మార్కు లేదు. ఆ మార్కే కంపెనీ అసలు పెట్టుబడి అయింది; దాని చావూ అందులోనే ఉంది.

ఇక్కడ కాస్త ఆగి, బీమా అంటే ఏమిటో చెప్పుకోవాలి. వేరు వేరు ఊళ్ళలో వెయ్యి పూరిళ్ళున్నాయి. ఏటా ఏ రెండో మూడో తగలబడతాయి. ఏవి తగలబడతాయో తెలియదు గాని, ఎన్ని తగలబడతాయో సుమారుగా తెలుసు. వెయ్యిమందీ తలాకొంత వేసుకుంటే కాలినవాడి ఇల్లు మళ్ళీ లేస్తుంది. మానవుడు కనిపెట్టిన గొప్ప సాంఘిక ఉపాయాల్లో ఇదొకటి అని నా నమ్మకం. దీనికి రెండు షరతులున్నాయి. ఇళ్ళన్నీ ఒకే గాలికి, ఒకే నిప్పురవ్వకు అంటుకునేవి కాకూడదు. బీమా చేసినవాడికి ఆ ఇంటితో సంబంధం ఉండాలి. పొరుగువాడి ఇంటిమీద నేను బీమా కొంటే, వాడి కొంప ఎప్పుడు అంటుకుంటుందా అని ఎదురుచూస్తాను.

ఈ రెండో షరతు చట్టంగా మారడానికి ఇంగ్లండులో పెద్ద అల్లరే జరిగింది. పద్దెనిమిదో శతాబ్దంలో లండను కాఫీ హోటళ్ళలో పరాయివాళ్ళ ఓడలమీద, ప్రముఖుల ప్రాణాలమీద పాలసీలు కొని పందేలు కాసేవారు. 1746లో ఓడల విషయంలోనూ, 1774లో ప్రాణాల విషయంలోనూ పార్లమెంటు దాన్ని నిషేధించింది. పాలసీ కొనేవాడికి నష్టపోయే సంబంధం ఏదో ఉండితీరాలి, లేకుంటే అది జూదం అన్నది ఆ చట్టాల సారం. పెట్టుబడిదారీ చట్టాల్లో వివేకవంతమైనవి కొన్ని లేకపోలేదు.

ఇప్పుడు లండను శాఖ సంగతి. 1987లో ఏఐజీ, డ్రెక్సెల్ బర్నమ్ లాంబర్ట్ బ్యాంకు నుంచి వచ్చిన కొందరితో ఫైనాన్షియల్ ప్రాడక్ట్స్ అనే విభాగం పెట్టింది. సుమారు 400 మంది ఉద్యోగులు. ముఖ్య కార్యాలయాలు కనెక్టికట్ రాష్ట్రంలోని విల్టన్‌లో, లండనులో. 1998 ప్రాంతంలో జె.పి. మోర్గాన్ బ్యాంకు ఒక బేరం తెచ్చింది: “మేము ఇచ్చిన అప్పులు ఎగవేతకు గురైతే నష్టం మీరు భరించండి, అందుకు ఏటా ఇంత ముట్టజెబుతాము.” దీన్ని క్రెడిట్ డిఫాల్ట్ స్వాప్ అన్నారు. తెలుగులో చెప్పాలంటే అప్పు ఎగవేతకు పూచీ. నష్టం వస్తే భరిస్తాను, అందుకు రుసుము ఇవ్వు. ఇది బీమా కాక మరేమిటి?

చట్టం మాత్రం కాదన్నది. అప్పు ఇవ్వనివాడు కూడా ఈ పూచీ కొనవచ్చు, నష్టం రుజువు చేయనక్కర లేదు, కనక ఇది బీమా కాదని న్యూయార్కు బీమా శాఖ 2000లో అభిప్రాయం చెప్పింది. తర్కం చూడండి: జూదం లక్షణం ఉంది కాబట్టి బీమా చట్టం వర్తించదు! మరి జూదం చట్టం వర్తించాలి గదా? అదే ఏడు చివర అమెరికా కాంగ్రెసు చేసిన ఒక శాసనం, రాష్ట్రాల జూద నిషేధ చట్టాలు కూడా వీటికి వర్తించవన్నది. బీమా కాకుంటే నష్టపరిహారానికి నిధి కట్టనక్కర లేదు. జూదం కాకుంటే శిక్ష లేదు. 1774 నాటి గోడ ఆ విధంగా చప్పుడు లేకుండా కూలింది. కూల్చింది లండను శాఖ దురాశాపరుడు కాదు.

కంపెనీని కనిపెట్టి ఉండవలసింది ఎవరు? ఏఐజీ చేతిలో ఒక చిన్న పొదుపు బ్యాంకు ఉన్నది గనక, మొత్తం గ్రూపుపై తనిఖీ అధికారం పొదుపు సంఘాలను చూసే ఒక చిన్న సర్కారీ శాఖకు దక్కింది. ఏనుగుకు కాపలాగా కోడిపుంజును పెట్టినట్లయింది.

2007 చివరికి ఈ పూచీల మొత్తం 52,700 కోట్ల డాలర్లు. అందులో మూడింట రెండు వంతులకు పైగా, యూరపు బ్యాంకులు తమ చట్టాల ప్రకారం ఉంచుకోవలసిన మూలధనాన్ని తగ్గించుకునేందుకు కొన్నవి. కొంపముంచినవి మిగిలిన వాటిలో ఒక 7,800 కోట్లు. అవి తనఖా అప్పుల మూటలమీద ఇచ్చిన పూచీలు. తీర్చే స్తోమతు లేనివాళ్ళకిచ్చిన ఇంటి అప్పులను వేలకొద్దీ కలిపి, కోసి, మళ్ళీ కలిపి, పైపొరకు ట్రిపుల్ ఏ మార్కు వేయించి అమ్మినవి ఈ మూటలు. ఇళ్ళు వేరు వేరు రాష్ట్రాల్లో ఉన్నాయి గనక అన్నీ ఒకేసారి మునగవన్నది లెక్క. కాని ఇళ్ళ ధరలు పెరుగుతూనే ఉంటాయన్న ఒకే ఆశమీద అన్నీ నిలిచాయి. ఒకే గాలికి అంటుకునే ఇళ్ళవి. మొదటి షరతు కూడా ఈ విధంగా పోయింది.

2005 మార్చిలో, జమాఖర్చుల మోసం ఆరోపణలపై విచారణ నడుస్తూండగా, గ్రీన్‌బర్గ్ గద్దె దిగాడు. ట్రిపుల్ ఏ మార్కూ పోయింది. ఆ ఏడాది చివరనే కంపెనీ ఇటువంటి కొత్త పూచీలు ఇవ్వడం మానుకున్నది. పాతవి మెడలో అలాగే వేలాడాయి. 2007 ఆగస్టులో శాఖాధిపతి జోసెఫ్ కసానో, ఈ బేరాల్లో ఒక్క డాలరు నష్టం వచ్చే పరిస్థితి కూడా ఊహకు అందడం లేదని మదుపుదార్లకు చెప్పాడు. అప్పటికే గోల్డ్‌మన్ శాక్స్ బ్యాంకు ధరావతు కట్టమని కబుర్లు పంపుతున్నది. పూచీ పత్రాల్లో ఒక నియమం ఉంది: మూటల ధర పడినా, కంపెనీ పరపతి మార్కు తగ్గినా, ఎగవేత జరగకముందే రొక్కం ధరావతుగా కట్టాలి. కంపెనీని ఉరితీసింది ఈ నియమమే. అప్పులు ఎగవేత అయ్యాయా లేదా అన్న ప్రశ్న రాకముందే రొక్కం అయిపోయింది.

అయితే లండను శాఖ కథను నమ్మేవారు మరొక లెక్క కూడా చూడాలి. గ్రూపులోని జీవిత బీమా కంపెనీలు, అంటే వితంతువులకు, వృద్ధులకు బాకీపడ్డ అసలు సిసలు బీమా కంపెనీలు, తమ బాండ్లను ఇతరులకు ఎరువిచ్చి, బదులుగా వచ్చిన రొక్కాన్ని ఇదే తనఖా మూటల్లో పెట్టాయి. 2008లో బాండ్లు తిరిగిచ్చి రొక్కం అడిగేసరికి చేతిలో మిగిలింది చిత్తు కాగితాలు. రక్షణకు వచ్చిన డబ్బులో ఈ బాండ్ల బాకీ తీర్చడానికే ఆ ఏడు 4,370 కోట్ల డాలర్లు పోయింది. కుళ్ళు కొమ్మలో లేదు, మానులోనే ఉంది.

2008లో కంపెనీ నష్టం 9,930 కోట్ల డాలర్లు. సర్కారు ఒప్పుకున్న సాయం పెరుగుతూ పోయి 18,200 కోట్లకు చేరింది. పూచీలు పొందిన బ్యాంకులకు రూపాయికి రూపాయి ముట్టింది. తగ్గించుకుంటారా అని న్యూయార్కు ఫెడరల్ రిజర్వు బ్యాంకు మర్యాదగా అడిగితే, నూటికి రెండు వదులుకోవడానికి సుముఖత చూపింది యూబీయస్ ఒక్కటే. అది కూడా మిగతావాళ్ళు ఒప్పుకుంటేనే. ఎవరెవరికి ఎంత ముట్టిందో 2009 మార్చి దాకా జనానికి చెప్పలేదు. చెప్పినప్పుడు తేలింది: గోల్డ్‌మన్ శాక్స్‌కు 1,290 కోట్లు, ఫ్రాన్సుకు చెందిన సొసియెతె జెనరాల్‌కు 1,190 కోట్లు, జర్మనీ డాయిష్ బ్యాంకుకు 1,180 కోట్లు. చట్టం ప్రకారం బీమా కానిదానికి బీమా కన్న దిట్టమైన పరిహారం! అదే నెలలో ఫైనాన్షియల్ ప్రాడక్ట్స్ ఉద్యోగులకు 16.5 కోట్ల డాలర్ల బోనసు పంచారు. లక్షలాది కుటుంబాలు ఇళ్ళు జప్తయి వీధిన పడుతున్న సమయమది. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పడిగిన సామెత మనకుంది. ఇక్కడ చుట్ట కూడా ఇల్లు కాలినవాడి డబ్బుతోనే కొన్నారు.

“ప్రభుత్వానికి చివరకు లాభమే వచ్చింది గదా” అని చదువుకున్నవాళ్ళే అడుగుతూంటారు. నిజమే. ఏషియా శాఖను 2010లో హాంకాంగు మార్కెట్టులో అమ్మారు. మరికొన్ని శాఖలను వేరే కంపెనీలకు అమ్మారు. 2012 డిసెంబరులో ఖజానా తన చివరి వాటాలు అమ్మేసి మొత్తం మీద 2,270 కోట్ల డాలర్లు మిగిలాయని ప్రకటించింది. ఈ లెక్కను నేను కాదనను. కాని పాత నష్టాలను చూపి పన్ను తగ్గించుకునే సదుపాయాన్ని ఖజానాయే ఈ కంపెనీకి నిలబెట్టింది. 2011 చివరి త్రైమాసికంలో ప్రకటించిన 1,980 కోట్ల లాభంలో 1,770 కోట్లు ఆ కాగితపు లెక్కే. పైగా లాభనష్టాల పద్దులో జప్తయిన ఇంటికి గడి లేదు. గ్రీన్‌బర్గ్ మాత్రం వాటాదార్లకు అన్యాయం జరిగిందని ప్రభుత్వంపైనే దావా వేశాడు! 2015లో కింది కోర్టు, ప్రభుత్వానికి వాటా పుచ్చుకునే అధికారం లేదన్నది గాని నష్టపరిహారం ఇవ్వలేదు; 2017లో పై కోర్టు ఆ మాటను కూడా కొట్టివేసింది.

ఈ కథలో మన పాత్ర కొద్దిది, కాని చెప్పదగ్గది. రామకృష్ణ దాల్మియా తన చేతికిందున్న భారత్ ఇన్సూరెన్సు కంపెనీ డబ్బును సొంత వ్యవహారాలకు వాడుకున్న సంగతిని 1955లో ఫిరోజ్ గాంధీ పార్లమెంటులో బయటపెట్టాడు. 1956లో 245 సంస్థలను కలిపి జీవిత బీమాను జాతీయం చేశారు. జాతీయం చేయగానే సర్వం శుద్ధి అయిందనను. ముంధ్రా కంపెనీల వాటాలు కొనిపించిన కుంభకోణం మరుసటి ఏడే బయటికొచ్చింది, దాన్ని లాగినవాడూ ఫిరోజ్ గాంధీయే. ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి 1958లో దిగిపోవలసి వచ్చింది. కాని అడగడానికి ఒక పార్లమెంటు, జవాబు చెప్పడానికి ఒక మంత్రి ఉన్నారు.

1999లో చట్టం మార్చి ప్రయివేటు కంపెనీలకు తలుపు తెరిచారు. పర్యవేక్షణ సంస్థ కార్యాలయం తర్వాత మన హైదరాబాదుకే వచ్చింది. ఏఐజీ 2001లో టాటాలతో కలిసి, 26 శాతం వాటాతో, ఇక్కడ రెండు కంపెనీలు పెట్టింది. 2008లో న్యూయార్కులో అంత గగ్గోలు పుట్టినా ఇక్కడి పాలసీదార్ల డబ్బు అందులో కొట్టుకుపోలేదు. టాటాల పేరో, ఏఐజీ మార్కో వారిని కాపాడిందనుకోవడం భ్రమ. తలుపు తెరిచిన ఆ 1999 చట్టంలోనే పాలసీదార్ల నిధులను దేశం వెలుపల మదుపు పెట్టరాదని ఒక క్లాజు రాశారు. ట్రిపుల్ ఏ మార్కున్న తనఖా మూటలను ఇక్కడి ప్రీమియం డబ్బుతో కొనే వీలు లేకుండా చేసింది ఆ ఒక్క వాక్యం.