కారు ముందు అద్దానికి బీమా: ఉప్పల్, నాచారం

విండ్‌షీల్డ్‌గా వ్యవహరించే కారు ముందు అద్దం పగిలితే దాన్ని మార్చడానికయ్యే ఖర్చును భారతదేశంలో వాహన బీమాలోని ‘ఓన్ డ్యామేజ్’ భాగం, అంటే సొంత బండికి జరిగిన నష్టాన్ని భరించే భాగం మాత్రమే చెల్లిస్తుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 146వ సెక్షన్ తప్పనిసరి చేసిన థర్డ్ పార్టీ బీమా ఎదుటివారికి కలిగిన నష్టానికే పరిమితం కనుక, అదొక్కటే ఉన్న యజమానికి అద్దం విషయంలో పైసా రాదు.

హైదరాబాదు తూర్పు వైపున ఉన్న ఉప్పల్, నాచారం ప్రాంతాల్లో ఈ సంగతికి ఉన్న ప్రాధాన్యం అక్కడి రోడ్లను బట్టి ఏర్పడింది. ఉప్పల్ నుంచి వరంగల్ వైపు సాగే 163వ నంబరు జాతీయ రహదారిపై నారపల్లి వరకు 2018లో తలపెట్టిన ఎలివేటెడ్ కారిడార్ పనులు ఏళ్ల తరబడి సాగి, కింది రోడ్డు గుంతలు పడి కంకర తేలింది. నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడల లారీలు కూడా ఈ చుట్టుపక్కల రోడ్ల మీదే తిరుగుతాయి. టిప్పర్ చక్రం కింద నుంచి ఎగిరిన కంకర రాయి తగిలినా ముందు అద్దం పొడి కాదు, ఎందుకంటే అది రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర అతికించి చేసిన లామినేటెడ్ అద్దం. రాయి తగిలిన చోట సాలెగూడులా బీట పడి, ఎండకు, గుంతల కుదుపులకు అది పాకుతూ పోతుంది. బీమా పరిభాషలో ఇది బాహ్య కారణం వల్ల జరిగిన ప్రమాదం. వడగళ్లు, అల్లర్లు, దుండగుల చర్యల వల్ల పగిలినా పరిహారం వర్తిస్తుంది. పాలసీ తీసుకునే నాటికే ఉన్న పగులుకు మాత్రం వర్తించదు.

విడిభాగాల వయసును బట్టి పరిహారం తగ్గించడాన్ని తరుగుదల అంటారు. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు ఇది 50 శాతం. గాజుకు మాత్రం అసలు లేదు. అందువల్ల ‘బంపర్ టు బంపర్’గా పేరుపడిన జీరో డిప్రిసియేషన్ కవర్, అంటే తరుగుదల కోత లేకుండా చేసే అదనపు రక్షణ, లేకపోయినా అద్దం ధర పూర్తిగా లెక్కలోకి వస్తుంది. అయితే అద్దం చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్‌కు సగమే వస్తుంది, అతికించే సీలెంటు సాధారణంగా కన్జ్యూమబుల్స్ (ఒకసారి వాడితే అయిపోయే వస్తువులు) కింద మినహాయింపు అవుతుంది, 1500 సీసీ వరకు ఉన్న కార్లకు మరో రూ. 1,000 తప్పనిసరి కోత పడుతుంది.

వీటికన్నా పెద్ద నష్టం ఒకటుంది, దాన్ని చాలామంది గమనించరు. క్లెయిమ్ లేని ఏళ్లకు ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో వరుసగా 20, 25, 35, 45, 50 శాతం చొప్పున లభించే నో క్లెయిమ్ బోనస్, ఒక్క అద్దం క్లెయిమ్‌తో సున్నాకు పడిపోతుంది. ఉదాహరణకు అద్దం రూ. 6,500, బీడింగ్ రూ. 800, సీలెంటు రూ. 700, కూలి రూ. 1,000 కలిసి రూ. 9,000 బిల్లు అయితే బీమా సంస్థ ఇచ్చేది రూ. 6,900. 50 శాతం బోనస్ ఉన్న యజమానికి బోనస్ తీసివేయకముందు ఓన్ డ్యామేజ్ ప్రీమియం ఏటా రూ. 10,000గానే ఉంటుందనుకుంటే, మళ్లీ ఆ మెట్టుకు చేరేలోగా ఐదేళ్లలో అతడు కోల్పోయేది రూ. 12,500. బోనస్‌ను కాపాడే యాడ్-ఆన్ (అదనపు కవర్) లేనివారు ఇలాంటి బిల్లును సొంతంగా కట్టుకోవడమే మేలు. అద్దం వెనుక కెమెరా ఉండే ఖరీదైన కార్లలో అద్దం ధరకు కెమెరాను సరిచూసే ఖర్చు తోడవుతుంది కనుక లెక్క తారుమారై క్లెయిమ్ చేయడమే లాభం కావచ్చు.



క్లెయిమ్ చేయదలచినవారు పగిలిన అద్దాన్ని ఫొటో తీసి, అద్దం విప్పకముందే బీమా సంస్థకు తెలియజేయాలి. నష్టాన్ని అంచనా వేసే సర్వేయర్ చూడకముందే మార్చేస్తే వివాదం వస్తుంది. పరిహారం నిరాకరణపై సంస్థలోనే న్యాయం జరగకపోతే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయాన్ని ఆశ్రయించవచ్చు. అద్దం మార్చినప్పుడు పాతదానితోపాటే దానిమీది ఫాస్టాగ్ (టోల్ చెల్లించే ట్యాగు) కూడా పోతుంది కనుక, ఉప్పల్ నుంచి వరంగల్ దారి పట్టేవారు బీబీనగర్ సమీపంలోని గూడూరు టోల్ గేటు చేరకముందే కొత్త ట్యాగు తీసుకోవాలి.