ఒకే పంక్తి భోజనం, వేర్వేరు కొలెస్టరాల్

సూరత్‌లో మరమగ్గాల పనికి తెలంగాణ నుంచి వెళ్లి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్ వంటి పేటల్లో ఉన్నాయి. శరత్పూర్ణిమ మర్నాడు ఆ ఊరంతా నెయ్యి దట్టంగా పట్టించిన ఘారీ మిఠాయి తింటుంది. అలాంటి ఒక ఇంట్లో అన్నదమ్ములిద్దరికీ మధుమేహం ఉందనుకుందాం. ఇద్దరిదీ ఒకే వంట. అయినా నేతి వంటలు ఎక్కువైతే ఒకరి రక్తంలో కొలెస్టరాల్ బాగా పెరగవచ్చు, రెండోవారికి అంతగా పెరగకపోవచ్చు. ఎందుకు?

ఈ ప్రశ్న కుందేళ్లతో మొదలైంది. 1913లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో నికొలాయ్ అనిచ్‌కోవ్ వాటికి కొలెస్టరాల్ తినిపించి, ధమనుల్లో కొవ్వు పేరుకోవడం చూపాడు. ఎలుకల్లో, కుక్కల్లో ఆ ఫలితం అంత సులభంగా రాలేదు. దాంతో చాలామంది ఆ ప్రయోగాన్ని పక్కన పెట్టారు. నా దృష్టిలో అసలు విషయం ఆ తేడాలోనే ఉంది.

1970లలో అమెరికాలోని డల్లాస్‌లో మైఖేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ ఆ తేడాకు ఒక కారణం పట్టుకున్నారు. రక్తంలోని ఎల్‌డిఎల్ రేణువులను కణాల్లోకి లాక్కునే గ్రాహకాలు ఉంటాయి. వాటి జన్యువు చెడితే తిండి ఎలా ఉన్నా కొలెస్టరాల్ పెరుగుతుంది. 1985లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది.

మన అన్నదమ్ముల కథకు ఇంకా దగ్గరైనది అపోలైపోప్రొటీన్ ఇ. కొవ్వు రేణువులకు చిరునామా చీటీలా పనిచేసే ఈ మాంసకృత్తుకు ఇ2, ఇ3, ఇ4 అని మూడు ప్రధాన రూపాలున్నాయి. తేడా అంతా ఒకటి రెండు ఆమైనో ఆమ్లాల్లోనే! ఇ2 గ్రాహకానికి సరిగా అంటుకోదు. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఇ2నే పొందినవారిలో ఒక అరుదైన కొవ్వు జబ్బు కనిపిస్తుందని 1977లో జర్మనీకి చెందిన గెర్డ్ ఉటర్‌మన్ బృందం వెల్లడించింది. చిత్రమేమిటంటే, అలాంటివారిలో ఎక్కువమందికి ఆ జబ్బు రానేరాదు. మధుమేహమో స్థూలకాయమో తోడైతే బయటపడుతుంది. ఇన్సులిన్ సరిగా పనిచేయనప్పుడు కాలేయం కొవ్వు రేణువులను ఎక్కువగా పంపుతుంది. అసలే నెమ్మదిగా తొలగే రేణువులు రక్తంలో పేరుకుపోతాయి. ఈ జబ్బు మాత్రం ఆహార నియమానికి, బరువు తగ్గడానికి బాగా లొంగుతుంది.

మధుమేహానికి దోహదం చేసే జన్యువులు వేరు. వాటిలో ముఖ్యమైన టిసిఎఫ్7ఎల్2 ప్రభావం భారతీయుల్లోనూ బలంగా ఉందని హైదరాబాద్ సిసిఎంబికి చెందిన గిరిరాజ్ చందక్ బృందం 2007లో ప్రకటించింది. ఇది ప్రధానంగా ఇన్సులిన్ విడుదలను దెబ్బతీస్తుంది. కనుక మధుమేహం ఇద్దరికీ వచ్చినా, ఇ2 జంట ఒకరికే దక్కవచ్చు.

ఇక ఇ4 ఉన్నవారిలో కొవ్వు తిండికి ఎల్‌డిఎల్ ఎక్కువగా పెరుగుతుందని కొన్ని అధ్యయనాలు చెప్పాయి, మరికొన్ని కాదన్నాయి. అందుకే వైద్యులు మామూలుగా జన్యువును చూసి పథ్యం రాయరు. రక్తంలోని కొవ్వులు కొలుస్తారు, నెయ్యి, వనస్పతి తగ్గించమంటారు, అవసరమైతే మందు ఇస్తారు, కొన్ని వారాల తర్వాత మళ్లీ కొలుస్తారు.