ఏథెన్సు నగరమున మెటోయికులు

ప్రాచీన గ్రీకు సంఘమును గూర్చి వ్రాయువారు పెక్కుమంది పౌరులను, బానిసలను వర్ణించి విడుతురు. ఏథెన్సు నగరమున ఈ రెండు వర్గముల నడుమ మూడవ వర్గ మొకటి యుండెను. ఇతర నగరముల నుండి వచ్చి కాపురములు పెట్టుకొనిన స్వతంత్రులును, దాస్యవిముక్తులును అందు చేరినవారు. వీరిని మెటోయికు లనిరి. పుట్టినయూరు విడిచి వేరొకచోట తరతరములుగా వేరూనిన కుటుంబముల వారికి వీరి కథ ప్రత్యేకముగా పఠనీయము.

క్రీ. పూ. 594 ప్రాంతమున సోలను ఏథెన్సు పౌరులను రాబడిని బట్టి నాలుగు తరగతులుగా విభజించెను. సంపద పెరిగిన పౌరుడు పై తరగతికి పోవచ్చును. మెటోయికునకు ఆ నిచ్చెనయే లేదు. క్రీ. పూ. 451లో పెరిక్లీసు చేయించిన శాసనము మరింత కఠినము: తల్లిదండ్రు లిరువురును ఏథెన్సు వారైననే బిడ్డకు పౌరసత్వము. కావున అచ్చటనే పుట్టి, అచ్చటనే ముదిసిన మనుమడును పరదేశియే.

మెటోయికుడు ఏటికి 12 ద్రాక్మాలు, స్వతంత్రముగా జీవించు స్త్రీ 6 ద్రాక్మాలు పన్ను చెల్లింపవలెను. నేర్పరియైన పనివానికి దినకూలి ఒక ద్రాక్మా ముట్టిన కాలమది. భారము పెద్దది కాదు. పౌరు డట్టి పన్ను చెల్లింపడు. చెల్లింపని మెటోయికుని బానిసగా నమ్మవచ్చును. అవమాన మందున్నది. తనకు పూచీగా నొక పౌరుని చూపవలెను. ప్రత్యేకానుమతి లేనిదే భూమిగాని, ఇల్లుగాని కొనరాదు. సభలో నోటు లేదు. యుద్ధము వచ్చినపుడు మాత్రము ఆయుధము పట్టవలసినదే! లైకియము విద్యాపీఠమును నడపిన అరిస్టాటిలు సైత మీ వర్గమువాడే.

వీరి స్థితి తెలియుటకు లీసియసు కుటుంబ చరిత్ర చాలును. ఇతని తండ్రి కెఫలుసు పెరిక్లీసు ప్రేరణమున సిరక్యూసు నుండి వచ్చి ముప్పది యేండ్లు ఏథెన్సున నివసించెను. వీరికి డాళ్లు చేయు కర్మాగారముండెను. న్యాయమనగా నేమి యను చర్చను ప్లేటో తన ‘రిపబ్లిక్’ గ్రంథమున పిరేయసు రేవులో లీసియసు అన్న పొలెమార్కుసు ఇంటనే జరిపించెను.

క్రీ. పూ. 404లో స్పార్టా చేతిలో ఏథెన్సు ఓడగా, ముప్పదిమంది నిరంకుశు లధికారమునకు వచ్చిరి. వారికి ధనము కావలసివచ్చెను. పదిమంది మెటోయికులను పట్టుకొన నిశ్చయించిరి; ధనాశ యని లోకము తలపకుండుటకై అందిద్దరు పేదలను చేర్చిరట! లీసియసు లంచమిచ్చి, పెరటిద్వారమున పారిపోయి మెగారా చేరెను. పొలెమార్కుసునకు విచారణ లేకయే విషమిచ్చిరి. కుటుంబమునకు మూడిండ్లున్నను శవమును వానిలో దేనినుండియు సాగనీయలేదు. అద్దెకు దొరకిన పాకనుండి సాగనంపిరి. కప్పుటకు బట్ట యొక మిత్రుడు, తలగడ మరియొకడు ఇచ్చిరి. 700 డాళ్లు, 120 మంది బానిసలు నిరంకుశుల పాలైరి. ఇదంతయు లీసియసు నేరారోపణ ప్రసంగమున చెప్పినదే గనుక కొంత పదును పెట్టియుండవచ్చును. అయినను ఆ పాక, ఆ తలగడ కల్పించిన మాటలుగా తోచవు.

ప్రజాప్రభుత్వ పునరుద్ధరణమునకై పోరినవారికి లీసియసు ధనమును, డాళ్లను సమకూర్చెను. విజయానంతరము త్రసిబూలుసు ఇతనికి పౌరసత్వ మొసగ ప్రతిపాదించెను. సభ అంగీకరించెను. కాని ఆ తీర్మానము ముందుగా మంత్రాంగసభ ముందు పెట్టబడలేదని ఆర్కినుసు ఆక్షేపింపగా అది కొట్టివేయబడెను. పన్నులలో పౌరులతో సమానత్వము మాత్రము లీసియసునకు దక్కెను. అటుపై నతడు, ఏథెన్సు పౌరులు న్యాయస్థానములలో చెప్పుకొనుటకు ప్రసంగములు వ్రాసియిచ్చి జీవించెను. అతని పేర ముప్పదికి పైగా ప్రసంగములు నేటికిని నిలిచియున్నవి.