వాలు నేల మీద పుట్టిన పాటలు

డిసెంబరు 10 అమెరికన్ గాయకుడు ఓటిస్ రెడ్డింగ్ వర్ధంతి. 1967లో విమాన ప్రమాదంలో పోయేనాటికి ఆయన వయసు 26. ఆ గొంతును పదిలపరిచింది అమెరికాలోని మెంఫిస్‌లో మూతపడిన ఓ సినిమా హాలు.

పాట కోసం గదిని తీర్చిదిద్దడం పాత సంగతే. రాతి మండపాలు కట్టినవాళ్లు, చర్చిలు కట్టినవాళ్లు గొంతు దూరం సాగాలని చూశారు. రొదను బయటే ఆపాల్సిన అవసరం రికార్డింగుతోనే వచ్చింది. అదీ వెంటనే కాదు. 1902లో రికార్డింగ్ నిపుణుడు ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో గాయని గౌహర్ జాన్ పాటను హోటల్ గదిలోనే రికార్డు చేశాడు. ఆనాటి రికార్డింగ్ యంత్రపు గరాటు దగ్గరగా పాడిన గొంతునే పట్టుకునేది. 1925 ప్రాంతంలో మైకు రంగప్రవేశం చేశాక పక్కగది దగ్గూ రికార్డులోకి ఎక్కసాగింది.

ఇక మెంఫిస్‌కు వద్దాం. బ్యాంకు ఉద్యోగి జిమ్ స్టీవర్ట్‌కు పాటల పిచ్చి. అతని అక్క ఎస్టెల్ ఆక్స్‌టన్ ఇల్లు తాకట్టు పెట్టి మరీ రికార్డింగ్ యంత్రం కొనిపెట్టింది. 1960లో ఇద్దరూ మెక్‌లెమోర్ అవెన్యూలోని క్యాపిటల్ థియేటర్‌ను అద్దెకు తీసుకున్నారు. అదే స్టాక్స్ స్టూడియో.

కుర్చీలు పీకేశారు. హాలుకు అడ్డంగా గోడ లేపారు. మందపాటి తెరలు వేలాడదీశారు. సినిమా తెర ఉండే వేదిక మీద కంట్రోల్ రూము పెట్టారు. తినుబండారాల కౌంటరు రికార్డుల షాపైంది. కొత్త పాట తయారైతే ఎస్టెల్ అక్కడే వేసి, కుర్రకారు మొహాలు చూసేది. స్టాక్స్ గిటారిస్టు స్టీవ్ క్రాపర్ మొదట ఆ షాపులో పనిచేసినవాడే.

ప్రేక్షకుల కోసం వాలుగా పోసిన నేలను మాత్రం అలాగే వదిలేశారు. నేలా కప్పూ సమాంతరంగా ఉంటే శబ్దం వాటి మధ్యే పదేపదే కొట్టుకుంటుంది. వాలు ఆ వరస తప్పించింది. అక్కడే రికార్డైన 1962 నాటి ‘గ్రీన్ ఆనియన్స్’ బాణీలో వినపడే నిండుదనంలో ఆ హాలుకూ వాటా ఉంది.

1975లో సంస్థ దివాలా తీసింది. 1989లో హాలును కూలగొట్టారు. 2003లో అదే స్థలంలో, పాత స్టూడియో నమూనాతో మ్యూజియం కట్టారు. పోగొట్టుకున్నాక తెలిసిన విలువ అది.

తర్వాతి కథ ఒక్క దారిన నడవదు. లండన్‌లో రికార్డుల నిర్మాత జార్జ్ మార్టిన్ 1990లలో పాత చర్చిని స్టూడియో చేశాడు. ఇప్పుడు అపార్ట్‌మెంటు పడగ్గదీ స్టూడియోనే. గోడకు కోడిగుడ్ల అట్టలు అంటించి వీధి హారన్ ఆగిపోతుందనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. అట్టలు, తెరలు గదిలోని ప్రతిధ్వనిని కొంత తగ్గిస్తాయంతే. బయటి రొద ఆగాలంటే గోడకు బరువు కావాలి. బరువు రెట్టింపైతే సుమారు 6 డెసిబెల్స్ అదనంగా ఆగుతుంది. తలుపు కింద సందుంటే ఆ ఖర్చంతా వృథా. బేస్ శబ్దాన్ని ఆపడానికైతే పాత గోడలను తాకకుండా, గదిలోపల రబ్బరు దిమ్మల మీద మరో గది కట్టాల్సిందే.

మన ఊళ్లలో సింగిల్ స్క్రీన్ హాళ్లు ఫంక్షన్ హాళ్లుగా మారిపోతున్నాయి. వాటి యజమానులకు ఒక మనవి: గునపం వేయించే ముందు ఖాళీ హాలు మధ్యలో నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టి వినండి. మీ ఊళ్లో పాడేవాళ్లనూ పిలిచి వినిపించండి.