నిజాం హారం, ఆక్లాండ్ ఆకు

ఆక్లాండ్ నగరపు ఆగ్నేయ శివారు ఫ్లాట్ బుష్‌లో నేడు తెలుగు మాట వినబడడం వింత కాదు. 1953లో ఆ నేల పొలాలు, పచ్చికబయళ్లు. ఆ ఏడాది డిసెంబరులో ఆక్లాండ్ వచ్చిన రెండవ ఎలిజబెత్ రాణికి నగర స్త్రీలు క్రిస్మస్ కానుకగా ఒక బ్రోచ్ ఇచ్చారు. ప్లాటినంలో వజ్రాలు పొదిగి, న్యూజీలాండ్ చిహ్నమైన వెండి ఫెర్న్ ఆకు రూపంలో చేయించిన నగ అది. క్రిస్మస్ ముందు రాత్రే టాంగివాయ్ రైలు ప్రమాదంలో 151 మంది మరణించారు. మరునాడు రాణి ఆక్లాండ్ నుంచి చేసిన రేడియో ప్రసంగంలో ఆ విషాదాన్ని తలచుకుంది.

అదే రాణి నగలపెట్టెలో అంతకు ఆరేళ్ల ముందే హైదరాబాదు పేరు మోస్తున్న హారం ఒకటి చేరింది. 1947 నవంబరు 20న ఆమె వివాహం. కానుకగా ఏం కావాలో వధువే ఎంచుకోవాలని ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ లండన్‌లోని కార్టియే దుకాణానికి కబురు పంపాడు. ఆమె ఒక వజ్రాల హారాన్నీ, ఇంగ్లీషు గులాబీల తీరున ఉన్న కిరీటాన్నీ ఎంచుకుంది. హారం కార్టియే 1930లలోనే తయారుచేసి ఉంచిన సరుకు. అంటే ‘నిజాం హారం’లో హైదరాబాదుది డబ్బు, పేరు. పనితనం కాదు.

ఆ పనితనం చార్మినార్ చుట్టుపక్కల వీధుల్లో లేక కాదు. కుందనపు నగ ఒక్కచేతి పని కానే కాదు. కంసాలి బంగారపు చట్రం కడతాడు. మీనా పనివాడు వెనుక వైపు రంగులు కరిగించి నింపుతాడు. మేలిమి బంగారపు రేకును రాయి చుట్టూ అదిమి బిగించేవాడు వేరొకడు. చివరకు ముత్యాలను పట్టుదారాలకు గుచ్చేవాడు మరొకడు. ధరించేవారి చర్మానికి తప్ప ఇతరులకు కనబడని వెనుక వైపును కూడా అంత శ్రద్ధగా అలంకరించడం ఈ కళలోని గొప్ప మర్యాద. నిజాం నగలలోని 173 వస్తువులను భారత ప్రభుత్వం 1995లో 218 కోట్ల రూపాయలకు కొన్నది. 2001లో అవి సాలార్‌జంగ్ మ్యూజియంలో ప్రదర్శితమైనప్పుడు జనం ఎక్కువగా చెప్పుకున్నది 184.75 క్యారట్ల జాకబ్ వజ్రం గురించి, దాన్ని నిజాం కాగితాలపై బరువుగా వాడుకోవడం గురించి. చేసిన చేతుల ప్రస్తావన తక్కువ.

కానుక వెనుక రాజకీయం లేదనుకోవడం అమాయకత్వం. పెళ్లి జరిగిన తొమ్మిది రోజులకే, నవంబరు 29న, హైదరాబాదు భారతదేశంతో యథాతథ ఒప్పందం కుదుర్చుకుంది. తెలంగాణ పల్లెల్లో రైతులు జమీందారుల మీద తిరగబడుతున్న రోజులవి. తన సంస్థానాన్ని స్వతంత్రంగా నిలుపుకోవాలని చూస్తున్న పాలకుడికి లండన్ మన్నన అవసరం. ఆ ఆశ 1948 సెప్టెంబరుతో ముగిసింది.

నగ మాత్రం మిగిలింది, అదీ సగమే. 1973లో గులాబీ కిరీటాన్ని విడదీసి, ఆ వజ్రాలకు బర్మా ప్రజలు పెళ్లికి పంపిన కెంపులను జోడించి కొత్త కిరీటం చేయించారు. 2014 ఫిబ్రవరిలో కేథరీన్ నిజాం హారాన్ని ధరించి లండన్‌లోని నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీకి వచ్చింది. రెండు నెలలకు వెల్లింగ్టన్‌లో విమానం దిగినప్పుడు ఆమె ఎర్రకోటు మీద ఆక్లాండ్ స్త్రీలు ఇచ్చిన ఫెర్న్ ఆకు ఉంది.