కంటికీ గొట్టానికీ మధ్య రెండంగుళాలు

పాత పేపర్లు కొనేవాడు వీధి చివర కేక పెట్టేసరికి నేను అటక మీది సామాను దింపిస్తున్నాను. మా వారి ఫీల్డు పుస్తకాలు రెండు గోనె సంచులున్నాయి. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఇంకా ఎన్నాళ్ళు చెదలకు మేపడం అని మనసు రాయి చేసుకున్నాను. సరిగ్గా అప్పుడే మనవరాలు గుమ్మంలోకి వచ్చి, తుపాకి పెట్టె గోడకు ఆనించి, ఏడుపు లంకించుకుంది.

పిల్ల ఇంటరు మొదటి సంవత్సరం. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలకు సాధన చేస్తోంది. ఆడపిల్లకు తుపాకేమిటని మొదట్లో నేనూ సణిగాను గానీ, 2012 లండన్ ఒలింపిక్సులో మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ ఈ ఆటలోనే కంచు పతకం తెచ్చాడని తెలిశాక నోరు మూసుకున్నాను. ఇంకో మూడు వారాల్లో దీనికి పోటీలు. "నా చెయ్యి పోయింది అమ్మమ్మా! అన్నీ కిందికే దిగుతున్నాయి. నేను మానేస్తాను," అంది.

గురి కాగితం చూపించింది. నడిమి చుక్క అర మిల్లీమీటరు, అంటే చిన్న ఆవగింజంత కూడా లేదు. దానికి తగిలితే పది మార్కులు. ఆ పైన గీతకూ గీతకూ మధ్య దూరం రెండున్నర మిల్లీమీటర్లే. దీని గుళ్ళన్నీ ముద్దగా ఒకేచోట పడ్డాయి, కానీ చుక్కకు సెంటీమీటరు కింద. ఏడో గీత దగ్గర.

చెయ్యి పోయినవాళ్ళ గుళ్ళు అలా ఒక్కచోట పడతాయా? నాకు అనుమానం వచ్చింది. "తుపాకికి ఏమైనా మార్చావా?" అన్నాను. ఏమీ లేదంది. కాసేపాగి, "మెడ కొంగలా వంచుతున్నానని నువ్వే కదా దెప్పావు! అందుకని ముందూ వెనకా సైట్ల కింద సెంటీమీటరు దిమ్మలు పెట్టించాను. ఇప్పుడు తల నిటారుగానే ఉంటోంది," అంది.

చూశారా, తప్పు తిరిగి తిరిగి నా దగ్గరికే వచ్చింది.

నేను గోనె సంచి విప్పి, చేతికందిన పుస్తకం తీశాను. ఏ పేజీ తిప్పినా పై వరుసలో మా వారి ముత్యాల్లాంటి అక్షరాలు: ఇన్‌స్ట్రుమెంటు ఎత్తు, ఇంత. ఆ తరువాతే కోణాలూ, లెక్కలూ. ఉప్పల్లోని సర్వే శిక్షణ సంస్థలో చదువుకుని వచ్చినప్పటి నుంచి ఆయనకది గాయత్రి మంత్రం. 1767లో పుట్టిన సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళది ఆ సంస్థ. ఈమధ్య పేరు మారి, జాతీయ జియో ఇన్ఫర్మాటిక్స్ సంస్థ అయింది. అది దగ్గరని మేము నాచారంలో స్థలం కొన్నప్పుడు చుట్టూ బండరాళ్ళే. ఇప్పుడు ఉప్పల్ రోడ్డంతా మెట్రో రైలు నీడ.

ఒకసారి ఆయన కొండెక్కి, దుర్భిణి బిగించి, పొద్దస్తమానం చూసి, రాసుకుని దిగొచ్చారు. రాత్రి లాంతరు ముందు కూచుంటే తెలిసింది, దుర్భిణి నేల మీద నుంచి ఎంత ఎత్తులో ఉందో ఆవేళ రాయలేదని. అది మనిషి గడ్డం ఎత్తుంటుంది. ఆ లెక్క లేకపోతే కొండ ఎత్తు అంతా అంత మేరకూ తప్పే. మర్నాడు మళ్ళీ ఎక్కారు. కన్ను ఉన్నచోటా, కొలత ఉండవలసిన చోటా ఒకటి కాదే, ఆ ఎడం రాసుకోకపోతే ఎంత గొప్ప అద్దమైనా అబద్ధమే చెబుతుంది అనేవారు.

తుపాకి సంగతీ అంతే. గొట్టం ఒకచోట, కన్ను పెట్టే సైటు దానికి రెండంగుళాల పైన. చూపు తిన్నగా పోతుంది. గుండు తిన్నగా పోదు, గొట్టం దాటిన మరుక్షణం నుంచీ భూమి దాన్ని లాగుతూనే ఉంటుంది. ఎయిర్ రైఫిల్ గుండు పది మీటర్లు పోయేలోపల ఒకటిన్నర, రెండు సెంటీమీటర్లు పడిపోతుంది. అందుకని గొట్టాన్ని చూపు గీత కన్నా వెంట్రుకవాసి పైకి ఎత్తి అమరుస్తారు. కింద నుంచి బయలుదేరిన గుండు సరిగ్గా పది మీటర్ల దగ్గర చూపును కలుసుకుంటుంది. అదే తుపాకితో అయిదు మీటర్ల నుంచి కాలిస్తే రెండు సెంటీమీటర్లు కింద తగులుతుంది. వినడానికి విడ్డూరంగా ఉంటుంది, దగ్గరైతే ఇంకా బాగా తగలాలి కదా అని!

మాటలతో పిల్లకు ఎక్కలేదు. కుట్టుమిషను దగ్గర నుంచి దారపు ఉండలు రెండు తెచ్చాను. ఎర్రదారం చూపు, తెల్లదారం గుండు. వరండా స్తంభానికి రెండంగుళాల ఎడంతో రెండూ కట్టి, పది మీటర్ల అవతల జామచెట్టు మీద ఒకే మేకుకు కలిపాను. తరువాత ఎర్రదారాన్ని స్తంభం దగ్గర సెంటీమీటరు, చెట్టు దగ్గర సెంటీమీటరు పైకి జరిపాను. రెండు సైట్లనూ సమానంగా ఎత్తడమంటే అదే మరి. తెల్లదారం కదల్లేదు. చూపు పైకి పోయింది, గుండు పాతచోటే తగిలింది. పిల్ల కళ్ళు తుడుచుకుని మేకు వంక చాలాసేపు చూసింది.

ఈ తంటా ఈనాటిది కాదు. ఇంగ్లండులో గాస్కోయిన్ అనే యువకుడు 1640 ప్రాంతంలో తన దుర్భిణిలో సాలీడు గూడు అల్లడం చూశాడట. ఆ పోగు స్పష్టంగా గీతలా కనబడింది. గురికి గీత దొరికిందని గంతేశాడు! 1644లో యుద్ధంలో చచ్చిపోయాడు పాపం. ఆ తరువాత చాలాకాలం పాటు సర్వే దుర్భిణుల్లో సాలీడు పోగులే గీతలు. మనం చీపురుతో దులిపేసే బూజు!

మన గడ్డ మీదికి ఆ పనితనాన్ని తెచ్చినవాడు లాంబ్టన్. ఆయన పెద్ద థియోడలైటు అర టన్ను బరువు, దాని చక్రం మూడడుగులు. సముద్రం మీద ఫ్రెంచివాళ్ళకు చిక్కితే, వాళ్ళే మర్యాదగా తిరిగి పంపారు. 1808లో తంజావూరు గోపురం మీదికి ఎక్కిస్తుండగా తాడు తెగి గోడకు కొట్టుకుంది. చక్రం సొట్టపోయింది. ఇంకొకరైతే నెత్తీ నోరూ కొట్టుకునేవారు. ఆయన గుడారంలో కూచుని, ఆరు వారాల పాటు ఆ చక్రాన్ని వెంట్రుక వెంట్రుకగా సరిచేసుకున్నాడు. 1815లో బీదరు దగ్గర ఆధారరేఖ కొలిచాడు. 1818 చివర హైదరాబాదు వచ్చి ఆయన దగ్గర చేరిన కుర్రవాడే ఎవరెస్టు, శిఖరానికి పేరైనవాడు. మరుసటేడు కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లో కొలతలకు వెడితే జట్టంతా జ్వరాల పాలైంది. కొందరు దారిలోనే పోయారు. వాళ్ళు కలాసీలు, మోతగాళ్ళు. వాళ్ళ పేర్లతో శిఖరాలు లేవు.

ఇక గొట్టం పొడుగు. పొడుగు తుపాకి అయితే గురి బాగుంటుందని మగవాళ్ళు మీసం దువ్వుతారు గానీ, దాంట్లో మెలిక ఉంది. మందుగుండు తుపాకిలో గొట్టం పొడుగైతే మంటగాలి గుండును ఇంకాస్త సేపు తోస్తుంది, వేగం పెరుగుతుంది, అదీ ఒక హద్దు వరకే. వేగం పెరిగితే దూరాన తక్కువ పడుతుంది, సైటు మళ్ళీ దిద్దుకోవాలి. గుండు వేగాన్ని కొలిచే ఉపాయం కనిపెట్టిన రాబిన్స్ అనే ఆయన, వేలాడదీసిన చెక్కదిమ్మను కాల్చి అది ఎంత ఊగిందో చూసేవాడు. 1742లో దాని మీద పుస్తకం వేసి, 1751లో మన పొరుగున కడలూరు దగ్గరి కోటలో జ్వరంతో పోయాడు.

మా పిల్ల రైఫిల్‌లో అసలు గొట్టం మూరెడే. ముందుకు పొడుచుకొచ్చిన మిగతాదంతా డొల్ల. సైట్ల మధ్య ఎడం పెంచడానికే అది. ఆ ఎడం అరవై సెంటీమీటర్లయితే, ముందు సైటు మిల్లీమీటరులో పదోవంతు జారినా చుక్క దగ్గర ఒకటి ముప్పావు మిల్లీమీటరు పోతుంది. ఎనభై అయితే ఒకటింపావే. అసలు గొట్టం పొట్టిగా ఉంచడమెందుకంటే, గుండు తొందరగా బయటపడితే చెయ్యి వణికినా చెరుపు తక్కువ.

మర్నాడు పిల్ల రేంజికి వెళ్ళి వెనక సైటు క్లిక్కులు తిప్పి, ఆ సెంటీమీటరు దిద్దుకుంది. దిమ్మలు తియ్యలేదు. మెడ నిటారుగానే పెడుతోంది. పోటీలో ఎన్నో స్థానం వస్తుందో నాకు తెలియదు, ఇంకా పది రోజులుంది.

పేపర్లవాడికి ఆవేళ వార్తాపత్రికలు మాత్రం తూకం వేశాను. ఫీల్డు పుస్తకాల్లో ఒకదాని వెనక చాలా తెల్ల కాగితాలు మిగిలి ఉన్నాయి. పిల్ల అది తీసుకుంది. తాతయ్య అక్షరాల కింద గీత గీసి, తన కోడికెలుకుడు రాతతో పై వరుసలో ఇలా రాసుకుంది: సైటు ఎత్తు, ఆరు సెంటీమీటర్లు.